అల్లుడు చదివిన పత్రిక

మా పంపుల కర్మాగారంలో రెండు యూనియన్లు ఉండేవి. ఒకటి సోషలిస్టులది, ఒకటి కమ్యూనిస్టులది. రెండు ఆఫీసులూ ఒకే వీధిలో, ఎదురెదురుగా. ఈ ఆఫీసులో ఎవరైనా తుమ్మితే ఆ ఆఫీసులో ఖండన తీర్మానం చేసేవారు. ఆ రెండు యూనియన్లూ ఒకే కప్పు కింద కాపురం చేస్తే ఎలా ఉంటుందో చూడాలనుకున్నవాళ్ళు అదే వీధి చివర, మెట్ల పక్క వాటాకు వెళ్తే సరిపోయేది.

ఆ వాటాలో ముగ్గురు. ముందు గదిలో కమ్యూనిస్టు మామ. వెనక గదిలో సోషలిస్టు అల్లుడు. ఇద్దరికీ మధ్య, వంటగదిలో, ఒకరికి కూతురూ ఇంకొకరికి భార్యా అయిన మనిషి.

మామను మేమంతా తక్షణం తాత అనేవాళ్ళం. పోత విభాగంలో అచ్చులు కట్టి, కరిగిన ఇనుము పోసి జుట్టు నెరిసినవాడు. ఏ సభలో లేచినా "ఆ సంగతులన్నీ తర్వాత, తక్షణం చెయ్యాల్సిందేమిటంటే" అని మొదలుపెట్టేవాడు. అల్లుడు లేత్ యంత్రం మీద పనివాడు. ఏ సమస్యకైనా "అవుతుంది, నెమ్మదిగా అవుతుంది" అనేవాడు గనక నెమ్మదయ్య అయ్యాడు. ఇల్లు అంటుకుంటే ముందు ఉపసంఘం వేద్దామంటాడని తాత వర్గం వాళ్ళ వెటకారం. నీళ్ళు తెమ్మంటే ముందు ఆ ఇల్లు ఎవరి ఆస్తో తేల్చమంటాడని తాత మీద అల్లుడి వర్గం ఎదురు వెటకారం.

ఈ కథ నాకు ముగ్గురూ విడివిడిగా చెప్పారు. మామ చెప్పిందీ అల్లుడు చెప్పిందీ ఒకదానికొకటి అతకవు. అమ్మాయి చెప్పింది రెండింటికీ అతికింది. అందుకని ఎక్కువగా ఆవిడ మాటే నమ్మాను.

నెమ్మదయ్యను కర్మాగారంలో చేర్చింది తాతే. పని నేర్పిందీ, జెండా పట్టించిందీ, పిల్లనిచ్చిందీ తాతే. తర్వాత పెద్ద సమ్మె వచ్చింది. అది సాగి సాగి ఇళ్ళలో పొయ్యిలు చల్లబడ్డాక, మాలో సగంమంది ఒప్పందానికి ఒప్పుకున్నారు. ఆ సగంలో నెమ్మదయ్య ఉన్నాడు. "అడిగినదాంట్లో సగం వచ్చింది. మిగతా సగం నెమ్మదిగా రాబట్టుకుందాం" అన్నాడు. "సగం కోసమైతే దణ్ణం పెట్టి అడిగితే సరిపోయేది, సమ్మె ఎందుకు?" అన్నాడు తాత. తాత గేటు బయటే ఉండిపోయాడు. బయట ఉన్నవాళ్ళను యాజమాన్యం మళ్ళీ లోపలికి రానివ్వలేదు. అల్లుడు తల వంచుకుని గేటు దాటి లోపలికి వెళ్తుంటే తాత నిలబడి చూశాడు. ఆ పొద్దుతో ఇద్దరికీ మాట తెగింది.

తాత భార్య పోయాక కూతురు వెళ్ళి, ఒక్కడివే ఎలా ఉంటావు, మా ఇంటికి రమ్మంది.

"ఆ ద్రోహి ఇంట్లో నేనుండను."

"ఆ ఇల్లు నాది కూడా నాన్నా. నా సగంలో ఉండు."

సగం అన్న మాట ఎవరి నోట విన్నా మండిపడే తాత, కూతురి నోట వచ్చేసరికి మారు మాట్లాడకుండా పెట్టె సర్దుకున్నాడు.

అప్పట్నుంచీ భోజనాల దగ్గర సంభాషణ ఇలా నడిచేది.

"అమ్మాయ్, ఆ ఉప్పు కాస్త ఇటు జరపమని మీ ఆయనతో చెప్పు."

"ఉప్పు అందరిదీ కదా, అడగడమెందుకు, స్వాధీనం చేసుకోమని మీ నాన్నతో చెప్పు."

"ఆ రోజు వస్తుందని, వస్తే ఉప్పుతో ఆగదని చెప్పు."

"ఈలోపు ఉప్పు తగ్గించమని డాక్టరన్నాడని చెప్పు."

అమ్మాయి ఏదీ చెప్పేది కాదు. లేచి, ఉప్పు గిన్నె తీసి తన ముందు పెట్టుకునేది.

ఆవిడ టెలిఫోను ఎక్స్‌ఛేంజిలో ఆపరేటరు. "పొద్దస్తమానం ఊరివాళ్ళ మాటలు కలిపి ఇంటికొస్తే ఇక్కడా అదే ఉద్యోగం. అక్కడైనా ఇద్దర్నీ కలిపాక నేను తప్పుకుంటాను. వీళ్ళు నా చెవిలోనే పోట్లాడుకుంటారు" అనేది. సోషలిజానికీ కమ్యూనిజానికీ తేడా ఏమిటి వదినా అని ఓసారి నేనే అడిగాను. ఆవిడ ఆలోచించకుండా చెప్పింది. "ఇల్లు కారుతోందనుకో. మా నాన్న పడగొట్టి కొత్తది కడదామంటాడు. మా ఆయన ఏడాదికో పెంకు మారుద్దామంటాడు. కారేచోట గిన్నె పెట్టేది మాత్రం నేను."

ఇలా ఉండగా తాత కంటికి ముప్పు వచ్చింది.

ఒక కన్ను ఎప్పుడో ఇనుప రవ్వ పడి పోయింది. మిగిలిన కంట్లో ఓ ఉదయం నల్లటి తెర దిగడం మొదలైంది. పార్టీ పత్రికలో అక్షరాలు సగం పేజీ దాకా కనిపించి ఆపైన మాయమవుతుంటే, అచ్చు బాగాలేదని తాత సంపాదకుణ్ణి తిట్టాడు. తర్వాత సిరాను తిట్టాడు. గ్లాసు అనుకుని గాలిని పట్టుకున్నప్పుడు కూతురు చూసింది. అప్పటికే ఆలస్యమైంది. లోపలి పొర ఊడిందన్నారు. ఆపరేషన్ చేసి రెండు కళ్ళకూ కట్టు కట్టి, తల కదలకుండా అటూ ఇటూ ఇసుక సంచులు పెట్టి ఇంటికి పంపారు.

"ఆవేశం కూడదు. అరవకూడదు. దగ్గకూడదు. గట్టిగా నవ్వనూకూడదు. ఆ పొర అతుక్కునేదాకా రాయిలా పడుండాలి" అన్నాడు డాక్టరు.

"మా నాన్న కమ్యూనిస్టండీ" అంది కూతురు.

"ఐతే ఇంకాస్త పెద్ద సంచులు పెట్టండి."

సెలవు ఉన్నన్నాళ్ళు కూతురే చూసుకుంది. సెలవు అయిపోయింది. నెమ్మదయ్యకు అప్పుడు రాత్రి షిఫ్టు. పగలు తాత దగ్గర కూర్చోవలసిన వంతు ఆయన మీద పడింది. వెళ్ళేముందు ఆవిడ మొగుణ్ణి వంటగదిలోకి పిలిచింది.

"రాజకీయాలు ఎత్తారో, నాన్న కన్ను పోతుంది. ఆ పాపం మీది."

"ఆయనే ఎత్తితే?"

"అప్పుడూ మీదే."

"ఇదెక్కడి న్యాయం?"

"సోషలిస్టు న్యాయం. ఉన్నవాడి దగ్గర తీసుకుని లేనివాడికి ఇవ్వడం. మీకు రెండు కళ్ళున్నాయి."

నెమ్మదయ్య మందు సీసా అందుకున్నాడు.

మొదటి రోజు ఇంట్లో గడియారం చప్పుడు తప్ప ఏమీ లేదు. మధ్యలో మాట మోసే మనిషి లేదు. నేరుగా మాట్లాడితే ఓడిపోయినట్టు. చివరికి నెమ్మదయ్య గోడ వంక తిరిగి "మందు వేళయింది" అన్నాడు. తాత పైకప్పుతో "తెలిసింది" అన్నాడు. నోట్లో మందు పోస్తుంటే ఆయన గడ్డం మీద కారింది. నెమ్మదయ్య తుండుతో తుడిచాడు. పని నేర్చుకునే రోజుల్లో తన మొహం మీద మసి తుడిచింది తాత చేతులేనని అప్పుడు గుర్తుకొచ్చిందట. ఆ చేతులు దుప్పటి మీద ఖాళీగా పడి ఉన్నాయి.

కాసేపటికి కిటికీలోంచి పార్టీ పత్రిక వచ్చి పడింది. నాలుగు పేజీల దినపత్రిక. తెచ్చేవాడు కమ్యూనిస్టు యూనియన్ కార్యదర్శి సుత్తి. జెండా మీద సుత్తి ఉంది కాబట్టి ఆ పేరు వచ్చిందని అతను అనుకునేవాడు. అతని ఉపన్యాసం విన్నవాళ్ళెవరూ అలా అనుకోలేదు.

"ఈ ఇంట్లో చదువొచ్చినవాళ్ళు ఎవరైనా ఉంటే బాగుండు" అన్నాడు తాత పైకప్పుతో.

నెమ్మదయ్య పత్రిక అందుకున్నాడు. సంపాదకీయం సరిగ్గా ఆయన మీదే. "సోషలిజం పేరు చెప్పి కార్మికుల్ని నడిదారిలో వదిలేసిన ద్రోహులు..." ఆయన తనను తిట్టే తిట్లు తనే పైకి చదివాడు.

"ఆ వాక్యం మళ్ళీ చదవమను" అన్నాడు తాత.

చదివాడు.

"సరిగ్గా వినబడలేదు. ఇంకోసారి చదవమను."

మూడోసారి చదువుతున్నప్పుడు నెమ్మదయ్య బుర్రలో ఒక ఉపాయం పుట్టింది. అంతా చెడ్డ ఉపాయమే అనలేం. అప్పట్లో యాజమాన్యం పోత విభాగం మూసేస్తామని నోటీసు పెట్టింది. ఇనుప ముక్కలు బయట పోయించుకుంటే చవకట. తాత చెమట ఇంకిన ఆ మట్టి నేల మీద ఇంకా పాతిక కుటుంబాలు బతుకుతున్నాయి. వాళ్ళ కోసం సోషలిస్టులు సోమవారం అర్జీ ఇచ్చారు. కమ్యూనిస్టులు గురువారం ఊరేగింపు తీశారు. మేనేజరు రెండూ కిటికీలోంచి చూసి టీ తాగాడు. రెండు జెండాలూ కలిస్తే తప్ప పని జరగదని నెమ్మదయ్యకు తెలుసు. తాత ఊ అంటే తప్ప సుత్తి కదలడనీ తెలుసు. పార్టీ పత్రిక చెబితే తప్ప తాత ఊ అనడు. ఆ పత్రిక ఇప్పుడు తన నోట్లోంచే వస్తోంది.

మార్పు ఒక్కసారిగా రాకూడదని ఆయన సిద్ధాంతం. అలాగే మొదలుపెట్టాడు. మర్నాడు "ద్రోహులు" అని ఉన్నచోట "దారి తప్పినవాళ్ళు" అని చదివాడు. తాత కదల్లేదు. ఆ మర్నాడు "దారి తప్పిన సోదరులు" అన్నాడు. తర్వాత దారి తప్పడం పోయి సోదరులు మిగిలారు. వారం తిరిగేసరికి సోషలిస్టులు "పెద్దన్నలు" అయ్యారు.

"ఏమన్నారూ?" అన్నాడు తాత.

"పెద్దన్నలు."

"అచ్చుతప్పేమో."

"లావుపాటి అక్షరాల్లో ఉంది."

"ఐతే తప్పు కాదన్నమాట" అని తాత పెదాలు బిగించుకున్నాడు.

దాంతో నెమ్మదయ్యకు ధైర్యం వచ్చింది. మాటలు మార్చడం మాని సొంతంగా అల్లడం మొదలుపెట్టాడు. ఆ పత్రిక బాణీ పట్టుబడాలని నాలుగు పేజీలూ అక్షరం వదలకుండా చదివేవాడు. ఆ పార్టీలోనే ఎవరూ అంత శ్రద్ధగా చదివి ఉండరు. లేత్ దగ్గర నిలబడీ అదే ధ్యాస. సంపాదకీయం కూర్చుకుంటూ కూర్చుకుంటూ ఓ ఇరుసును సూది చేసి పెట్టాడు.

భార్యకు అనుమానం రాకపోలేదు.

"ఇవాళ పత్రికలో ఏముంది?"

"ఏముంటుంది, మామూలే."

"మిమ్మల్ని తిట్టలేదా?"

"తిట్టారు. ఈమధ్య కాస్త తగ్గించారు."

"పాపం, ఎవరికి జాలి పుట్టిందో!" అని ఆవిడ పప్పు గిన్నె కింద మంట తగ్గించింది.

ఓ మధ్యాహ్నం ఆయన ధ్యాస ఎక్కడికో వెళ్ళిపోయింది. యూనియన్ల ఐక్యత గురించి చదువుతున్నవాడు, ఎలా జరిగిందో, పాత సమ్మెలోకి జారాడు. పత్రిక ఒళ్ళో మడిచి ఉంది. కళ్ళు కిటికీ మీద ఉన్నాయి.

"సగం తీసుకుని లోపలికి వెళ్ళినవాళ్ళంతా అమ్ముడుపోయినవాళ్ళు కారు. కొందరి ఇళ్ళలో పసిపిల్ల జ్వరంతో ఉంది. పాలు లేవు. వాళ్ళు తల వంచుకునే వెళ్ళారు. ఆ తల ఇప్పటికీ నిటారుగా లేదు. బయట నిలబడ్డవాళ్ళ ధైర్యం గొప్పది. కాని వంగినవాడి మెడనొప్పి ఎలాంటిదో వాళ్ళెప్పుడూ అడగలేదు."

ఆ పసిపిల్ల ఎవరో ఇద్దరికీ తెలుసు. ఆ జ్వరంలోంచి అది లేవలేదు.

"ఆ పేరా రాసిందెవరు?" అన్నాడు తాత.

"పేరు వెయ్యలేదు."

"మళ్ళీ చదువు."

చదవమను అనలేదు. చదువు అన్నాడు. అప్పుడు ఇద్దరిలో ఎవరూ అది గమనించలేదు.

తర్వాతి రోజే సుత్తి తాతను చూడ్డానికి వచ్చాడు. నెమ్మదయ్య వంటగదిలో టీ పెడుతున్నాడు.

"తాతా, పోత విభాగం సంగతి ఏం చేద్దాం? ఇంకో ఊరేగింపు తీద్దామా?"

"మన పత్రికలో అంత స్పష్టంగా రాశారు కదరా. సోషలిస్టులతో కలిసి నడవమని."

వంటగదిలో ఒక గిన్నె కింద పడింది.

"మన పత్రికలోనా?" సుత్తి నోరు తెరిచాడు. "ఎక్కడ?"

"రోజూ వస్తోంది. ఇవాళ కూడా, రెండో పేజీలో. అదుగో, కుర్చీలో ఉంటుంది చూడు."

నెమ్మదయ్య టీ కప్పుతో పరుగున వచ్చాడు. వచ్చిన ఊపులో కప్పు సరిగ్గా కుర్చీ మీదికి వొంగింది. రెండో పేజీ మూడో పేజీకి అతుక్కుపోయింది. తుడుస్తున్నట్టు తుడుస్తూ మిగిలినదాన్ని ముద్ద చేశాడు.

"నువ్వు చదవలేదా?" అన్నాడు తాత సుత్తితో.

సుత్తి తల గోక్కున్నాడు. "ఇల్లిల్లూ తిరిగి పంచేసరికే పొద్దుపోతుంది తాతా. చదవడానికి తీరికెక్కడిది?"

"కార్యవర్గంలో మిగతావాళ్ళు?"

"అందరం పంచుతున్నాం."

"ఐతే విను. సోషలిస్టులు పెద్దన్నలని రాశారు. పెద్దన్నలంటే ఎవరు? ముందు నడిచేవాళ్ళు. కాబట్టి అర్జీలు ఆపి, పోత విభాగంలోకి వెళ్ళి కూర్చోవాలి. తక్షణం. కదిలిస్తే కదలకూడదు. ముందు వరసలో అన్నలు, వెనక వరసలో మనం. ఆ అన్నలకు ముందు మా అల్లుడు."

వంటగదిలో మరో గిన్నె పడింది.

సుత్తి వెళ్ళి వాళ్ళ సంఘంలో చెప్పాడు. ఒక్కరూ పత్రిక చదవలేదు కాబట్టి అందరూ చదివామన్నారు. తీర్మానం ఏకగ్రీవం. మర్నాటికే అది వీధి దాటి ఎదుటి ఆఫీసుకు చేరింది. సోషలిస్టు యూనియన్ అధ్యక్షుడు ఊపిరాడక పరుగెత్తుకొచ్చాడు. ఎవరు ఏ తీర్మానం పెట్టినా ఒక సవరణ చెప్పకుండా కూర్చోలేడు గనక ఆయన పేరు సవరణ.

"వాళ్ళు మనతో కలుస్తారటయ్యా! మనల్ని ముందు నడవమంటున్నారు! ఇందులో ఏదో కుట్ర ఉంది."

"కుట్రేం లేదండీ" అన్నాడు నెమ్మదయ్య నీరసంగా. కుట్ర ఎవరిదో ఆయనకు తెలిసినంతగా ఎవరికి తెలుసు?

"ముందు వరసలో నువ్వేనట. కాదంటే మనం పిరికివాళ్ళమని ఊరంతా చాటుతారు. సరే, ఒక్క సవరణ. తక్షణం అన్నచోట వీలైనంత త్వరలో అని పెడదాం."

సవరణ వీగిపోయింది. మర్నాడు పొద్దున్నే పోత విభాగంలో బైఠాయింపు అని తేలింది. అర్జీ తప్ప ఆయుధం ఎరగని నెమ్మదయ్య, అందరికీ ముందు.

ఆ సాయంత్రం ఆయన తాత మంచం పక్కన కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. ఈసారి గోడ వైపు తిరగలేదు.

"మామయ్యా, మీరు ఆవేశపడనంటే ఒకటి చెబుతాను. పత్రికలో అవేవీ లేవు. నేను కల్పించి చదివాను."

"తెలుసు."

"...ఎప్పట్నుంచి?"

"దారి తప్పినవాళ్ళు అన్నప్పట్నుంచి. మా సంపాదకుడు అంత మెత్తని మాట వాళ్ళావిడతో కూడా అనడు."

అప్పుడే పనినుంచి వచ్చిన కూతురు గుమ్మంలో చెప్పులు విప్పుతోంది. "మీరు షిఫ్టుకు వెళ్ళాక రోజూ అసలు పత్రిక నేను చదివి వినిపిస్తున్నానండీ" అంది. "నిన్నటిది మాత్రం కుదరలేదు. పేజీలు విడదీస్తే టీ వాసన తప్ప ఏమీ మిగల్లేదు."

నెమ్మదయ్య ఆవిడ వంక చూశాడు. "ఒక్క మాట చెప్పొచ్చు కదా!"

"నాన్న దగ్గర రాజకీయాలు ఎత్తొద్దన్నాను. మీరు పార్టీ పత్రికే మార్చేశారు. అంత పెద్దవాళ్ళ వ్యవహారంలో నేనెందుకు?"

"మరి మామయ్యా, మీరెందుకు ఊరుకున్నారు? అప్పుడే నిలదీయొచ్చుగా?"

కట్టు కింద మొహంలో ఏముందో తెలియలేదు.

"అరవకూడదన్నాడు డాక్టరు. నిజానికి కోపం కంటే నవ్వు ఆపుకోవడమే కష్టమైంది" అన్నాడు. ఆపైన, "నీ సొంత మాటలు వచ్చేచోట నీ గొంతు మారేది. ఆ సమ్మె తర్వాత ఆ గొంతు నేను వినలేదు. ఎప్పుడొస్తుందా అని కాచుకునేవాణ్ణి" అన్నాడు.

నెమ్మదయ్య తల దించుకున్నాడు.

"ఆ మెడనొప్పి పేరా ఉంది చూడు. అలాంటిది మా సంపాదకుడు జన్మలో రాయలేడు. చాలా బాగుంది."

"మామయ్యా..."

"కాని తప్పు. వంగకుండా ఉంటే ఏమయ్యేదో అందులో లేదు. పిల్లకు జ్వరమని అప్పుడే నాకు చెప్పి ఉండాల్సింది. జెండా పక్కన పెట్టి వచ్చేవాణ్ణి. తాతను కదా."

కూతురు వంటగదిలోకి వెళ్ళి కుళాయి తిప్పింది. నీళ్ళు చాలాసేపు పోయాయి. బయటికి వచ్చాక, "ఇవాళ్టితో ఈ ఇంట్లో ఎక్స్‌ఛేంజి మూసేశాను. ఎవరి మాట వాళ్ళే చెప్పుకోండి" అంది.

మర్నాడు మేమంతా పోత విభాగంలో నల్లమట్టి నేల మీద కూర్చున్నాం. రెండు జెండాలూ ఒకే గోడకు ఆనించాం. నెమ్మదయ్య ముందు. కొలిమి చల్లగా ఉంది. మొదటిరోజు పాటలు పాడాం. రెండోరోజు సుత్తి ఉపన్యాసం ఇచ్చాడు. మమ్మల్ని వెళ్ళగొట్టడానికి అంత కఠినమైన పని చెయ్యాలని మేనేజరు కూడా అనుకోలేదట. మూడోరోజు కబురు పంపాడు. మధ్యాహ్నంలోగా లేచి వెళ్ళినవాళ్ళ ఉద్యోగాలకు ఢోకా లేదు. ఉన్నవాళ్ళ సంగతి తర్వాత.

సవరణ మెల్లగా నెమ్మదయ్య చెవి దగ్గరికి వచ్చాడు. "సగంమందికైనా దక్కుతాయి కదా."

మేమంతా ఆయన వంకే చూస్తున్నాం. ఆయన ఒకసారి లేవబోయి మళ్ళీ కూర్చున్నాడు. ఈసారి తను బయటికి వస్తుంటే నిలబడి చూడ్డానికి తాతకు కళ్ళు లేవు. ఆ సంగతి తలుచుకునే కదల్లేకపోయానని తర్వాత నాతో అన్నాడు. మధ్యాహ్నం దాటింది. ఒక్కరూ లేవలేదు. సవరణ కూడా లేవలేదు. లేస్తే నెమ్మదయ్యను దాటుకుని వెళ్ళాలి మరి.

ఆ వారం చివర యాజమాన్యమే మూసివేత నోటీసు చించేసింది. ఎన్నాళ్ళు మూయరో చెప్పలేదు. నెమ్మదయ్య దాన్ని గెలుపన్నాడు. తాత విరామం అన్నాడు. కొలిమి మళ్ళీ వెలిగింది.

కట్టు విప్పే రోజు ముగ్గురూ ఆసుపత్రికి వెళ్ళారు. డాక్టరు దీపం తెచ్చి కంటి ముందు ఆడించాడు.

"ఏం కనిపిస్తోంది?"

"వెలుతురు."

"ఇప్పుడు?"

"వెలుతురే. దాని ముందు ఏదో కదులుతోంది. మనిషేనా?"

కదిలింది కూతురు. ఆవిడ వెనక్కి తిరిగిపోయింది. డాక్టరు దీపం ఆర్పి, పొర అతుక్కోలేదని, ఇంతకంటే రాదని చెప్పాడు. తాత చేతులు మోకాళ్ళ మీద పెట్టుకుని విన్నాడు.

"ఐతే ఇక అరవచ్చా?" అన్నాడు చివరికి.

"అరవచ్చు" అన్నాడు డాక్టరు.

"అల్లుడూ, విన్నావుగా? పద. నీతో చాలా ఉంది."

ఇంటికి వెళ్ళి గుమ్మం దాటాక మొదలైంది. ఓటు గొప్పదా తిరుగుబాటు గొప్పదా, భూమి పంచాలా కలపాలా, మిల్లు ప్రభుత్వానిదైతే కార్మికుడిదైనట్టా కాదా, ఎదురింటికి వినబడేలా అరుచుకున్నారు. ఇన్నేళ్ళ బాకీ. కూతురు ముందు గది తలుపూ వంటగది తలుపూ వేసుకుని, కాసేపు ఏడ్చి, కాసేపు నవ్వి, ముగ్గురికీ వడ్డించింది. ఆ రోజు ఎవరికి వాళ్ళే ఉప్పు వేసుకోమంది.

తర్వాతి ఆదివారం రెండు యూనియన్లకూ ఉమ్మడి సభ. ప్రారంభించేది తాత. మేమంతా వాళ్ళ వెంట హాలుకు నడుస్తున్నాం. తాత ఒక చేతిలో కర్ర, ఇంకో చెయ్యి అల్లుడి భుజం మీద. రాత్రి వాన పడి వీధంతా బురద.

"కాస్త కుడికి రండి మామయ్యా, ఎడమ పక్కన కాలువ ఉంది" అన్నాడు నెమ్మదయ్య.

తాత ఆగిపోయాడు. "నా జన్మలో కుడికి వెళ్ళలేదు."

"మూత తీసి ఉందండీ."

"ఎంత లోతు?"

"మోకాలి దాకా ఉంటుంది."

తాత కర్రతో ఎడమవైపు పొడిచి చూశాడు. కర్ర దిగింది. ఇంకాస్త దిగింది. వెనక రెండు యూనియన్లూ నిలబడి చూస్తున్నాయి. ఆయన కర్ర పైకి లాగి, అల్లుడి భుజం గట్టిగా పట్టుకుని, ఒక అడుగు కుడికి వేశాడు.

"ఇది ఎత్తుగడ మాత్రమే" అన్నాడు అందరికీ వినబడేలా. "సిద్ధాంతం కాదు."